పంజాగుట్ట నుంచి చెరువు గట్టు దాకా

పంజాగుట్ట పేరులో రెండు భాషలు చేయి కలిపాయి. 'పంజా' అంటే ఉర్దూలో చేయి. 'గుట్ట' అచ్చ తెలుగు. పక్కనున్న అమీర్‌పేటలో 'అమీర్' పైగా ప్రభువుల బిరుదు నుంచి వచ్చింది, 'పేట' మన ఊళ్ళ నుంచి వచ్చింది. ఇంకొంచెం ముందుకు సాగితే నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ గుట్ట మీద కట్టించిన ఇర్రం మంజిల్ ఉంది. స్వర్గతుల్యమైన ఉద్యానవనాన్ని స్ఫురింపజేసే ఆ పారశీక నామం తెలుగువారి నోట ఎర్రమంజిల్ అయింది. ఇలా రెండు భాషలు కలిసి కాపురం చేస్తున్న ఈ ప్రాంతంలో నేడు కంటికి కనిపించేవి వంతెనలు, మెట్రో స్తంభాలు, నిమ్స్ ఆసుపత్రి ముందు రోగుల బంధువుల నిరీక్షణ, నగల దుకాణాల వెలుగులు. నీరు మాత్రం కనిపించదు. అయినా ఈ గుట్టల మీద పడిన ప్రతి వానచినుకూ పల్లం వెతుక్కుంటూ ఒక చెరువును చేరుతుంది. ఆ చెరువుల గురించీ, వాటిలో బతికే చేపల గురించీ ఈ నెల మాట్లాడుకుందాం.

ఒక ఛాయాచిత్రం, మూడు ప్రశ్నలు

అమీర్‌పేటలోని మైత్రీవనం పరిసరాలు సాఫ్ట్‌వేర్ శిక్షణకు పేరుమోసినవి. గోడల నిండా కోర్సుల ప్రకటనలు, మెట్లన్నీ విద్యార్థుల చెప్పులు. జిల్లాల నుంచి వచ్చి, ఇరుకు హాస్టళ్ళలో ఉండి, ఇక్కడ కంప్యూటర్ విద్య నేర్చుకున్న వేలాది యువకులు నేడు అమెరికాలోని డాలస్ పరిసరాలలో, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో కాపురాలు పెట్టుకున్నారు. వారిలో మన ముస్లిం కుటుంబాల పిల్లలూ ఎందరో ఉన్నారు. చలికాలం వచ్చిందంటే వారి నుంచి ఇక్కడి పెద్దలకు ఒక తరహా ఛాయాచిత్రాలు వస్తుంటాయి. ఒక చిన్న చెరువు, గట్టున ఉన్ని టోపీ పెట్టుకున్న మనవడు, వాడి చేతిలో ఒంటి మీద గులాబీ చార ఉన్న వెండి రంగు చేప.

ఆ చిత్రాన్ని చూసిన నానమ్మలు, అమ్మమ్మలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "బేటా, ఇదేం చేప? మనకు హలాలేనా?" ఇక్కడి పిల్లలు అడిగేది మరొకటి: "మనం కూడా ఇలా వెళ్ళవచ్చా?" మూడో ప్రశ్నను సాధారణంగా ఎవరూ అడగరు. చెరువులోని ఆ చేప ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు వెతుక్కుంటూ మేము పంజాగుట్ట నుంచి బయలుదేరాము.

గులాబీ చారల అతిథి

ఆ చేప పేరు రెయిన్‌బో ట్రౌట్. సాల్మన్ కుటుంబానికి చెందినది. ఉత్తర అమెరికా పడమటి తీరపు నదులు, రష్యాలోని కంచట్కా ప్రాంతం దాని పుట్టినిళ్ళు. ఒంటి పొడవునా సాగే గులాబీ వన్నె చారను బట్టి దానికి ఇంద్రధనుస్సు పేరు వచ్చింది. చల్లని, స్వచ్ఛమైన, పారే నీరు దానికి ప్రాణం. గులకరాళ్ళ మీదుగా నీరు ప్రవహించే చోటనే అది గుడ్లు పెడుతుంది. నిలవ నీటి చెరువులో బతకగలదు గానీ సాధారణంగా సంతానాన్ని పెంచుకోలేదు.

కనుక డాలస్ చెరువులలో కనిపించే ట్రౌట్ అక్కడ పుట్టినది కాదు. టెక్సాస్ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా చలికాలంలో, సుమారు నవంబరు చివరి నుంచి మార్చి దాకా, పట్టణ ఉద్యానవనాల చిన్న చెరువులలోకి వీటిని తెచ్చి వదులుతుంది. పెంపకశాలలో జానెడు పైచిలుకు పొడవుకు పెరిగిన చేపలను ప్రాణవాయువు అందే తొట్లలో లారీల మీద తెస్తారు. ఎండలు ముదిరి నీరు వేడెక్కితే ఆ చేపలు అక్కడ బతకవు. అందుకే పట్టినవాటిని ఇంటికి తీసుకువెళ్ళి వండుకోమని శాఖే ప్రోత్సహిస్తుంది. అయితే దానికీ హద్దు ఉంది: ఒకరు రోజుకు 5 ట్రౌట్లకు మించి ఉంచుకోరాదు. 17 ఏళ్ళు నిండినవారు లైసెన్సు తీసుకోవాలి. కాలిఫోర్నియాలో ఆ వయసు 16 ఏళ్ళు. ఫ్రీమాంట్‌లోని క్వారీ లేక్స్ ఒకప్పుడు కంకర తవ్విన గోతులు. నేడు నీరు నిండి ఉద్యానవనమైన ఆ గోతులలోనూ చల్లని నెలల్లో ట్రౌట్లను వదులుతారు.

ఇక నానమ్మ ప్రశ్నకు జవాబు సులభం. జలచరాల వేటనూ, దాని ఆహారాన్నీ అల్లాహ్ మనకు ధర్మసమ్మతం చేశాడని దివ్యఖుర్ఆన్‌లోని 'అల్ మాయిదా' సూరా చెబుతోంది. చేపకు జిబహ్ అవసరం లేదు. పట్టినవారు ఎవరన్న పట్టింపూ లేదు. పొలుసులున్న నిఖార్సయిన చేప గనుక ట్రౌట్ విషయంలో ఫిఖ్హ్ పండితుల మధ్య భేదాభిప్రాయానికీ తావు లేదు. మాంసం కోసం హలాల్ దుకాణాన్ని వెతుక్కుంటూ మైళ్ళ దూరం వెళ్ళే పరదేశపు కుటుంబాలకు వీధి చివరి చెరువులో హలాల్ ఆహారం దొరకడం అల్లాహ్ అనుగ్రహమే.

మన నీటికి ఆ చేప ఎందుకు రాదు?

'మనం కూడా వెళ్ళవచ్చా?' అన్న పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు నీటి వేడిమిని గురించి చెప్పాలి. నీరు ఎంత చల్లగా ఉంటే అంత ఎక్కువ ప్రాణవాయువును తనలో ఇముడ్చుకుంటుంది. 10 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది 7.5 మిల్లీగ్రాములకు పడిపోతుంది. ట్రౌట్ శరీరం మొదటి లెక్కకు తగినట్టుగా సృష్టించబడింది. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే అది అలమటిస్తుంది. వేసవిలో మన చెరువుల నీరు దానికి నిప్పుల కొలిమితో సమానం.

మన దేశంలో ట్రౌట్ లేకపోలేదు. కాశ్మీరులో, హిమాచల్‌లో, కేరళలోని మున్నారు కొండల్లో, నీలగిరుల్లో ఉంది. ఆంగ్లేయులు తమ వినోదం కోసం దానిని ఇక్కడికి తెచ్చారు. మన కోస్తా, రాయలసీమలు భాగంగా ఉన్న పూర్వపు మద్రాసు ప్రెసిడెన్సీలోనే, 20వ శతాబ్ది ఆరంభంలో నీలగిరుల అవలాంచి వద్ద ట్రౌట్ పెంపకశాల వెలిసింది. దొరల కాలం గడిచిపోయినా ఆ చేప అక్కడి చల్లని వాగులలో నిలిచిపోయింది. దక్కను పీఠభూమి చెరువులకు మాత్రం దిగి రాలేకపోయింది.

చెరువు పోషిస్తుంది, పుట్టించదు

ట్రౌట్ రాకపోయినా, వదిలిన చేపలతో కళకళలాడే చెరువులు మనకు కొత్త కాదు. మన బజార్లలో బొచ్చె అని పిలిచే కట్ల, శీలావతి అనీ రవ్వ అనీ పిలిచే రోహు, ఎర్రమోసు అని పిలిచే మృగాల – ఈ మూడూ మన చెరువుల ప్రధాన నివాసులు. సృష్టికర్త వీటికి ఆహారాన్ని పంచి ఇచ్చిన తీరు ఆశ్చర్యం గొలుపుతుంది. కట్ల నీటి పైపొరలో మేస్తుంది. రోహు నడిమి పొరలో మేస్తుంది. మృగాల అడుగున మేస్తుంది. ఒకే చెరువులో మూడు కుటుంబాలు ఒకదాని పళ్ళెంలో మరొకటి చేయి పెట్టకుండా బతుకుతాయి.

అయితే వీటికీ ట్రౌట్‌కూ ఒక పోలిక ఉంది. ఇవీ నదీ సంతానమే. వర్షాకాలపు వరద నీటిలో తప్ప సహజంగా గుడ్లు పెట్టవు. చెరువు వీటిని పోషిస్తుంది గానీ పుట్టించదు. పూర్వం చేపపిల్లల కోసం నదుల మీద ఆధారపడవలసి వచ్చేది. వరద రోజుల్లో నదిలో పట్టిన పిల్లలలో ఏ జాతివి ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలిసేది కాదు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్త డాక్టర్ హీరాలాల్ చౌధురీ ఆ చిక్కుముడిని విప్పారు. చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి నుంచి తీసిన రసాన్ని తల్లిచేపలకు సూదితో ఎక్కించి, నిలవ నీటిలోనే గుడ్లు పెట్టించగలిగారు. ఆ రోజును దేశమంతటా జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. నేడు మన ఇంటి వంటగదికి చేరే చెరువు చేప వెనుక ఆ ఒక్క సూది కథ ఉంది.

తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకాన్ని చేపట్టింది. వానలు పడి చెరువులు నిండాక ఈ పని మొదలవుతుంది. ఎండాకాలానికి ఎండిపోయే చెరువులలో 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడవునా నీరుండే చెరువులలో, జలాశయాలలో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలను వదులుతారు. శాశ్వత జలాశయంలో పెద్ద చేపలు కాచుకుని ఉంటాయి గనుక అక్కడికి వెళ్ళే పిల్ల కాస్త బలంగా ఉండాలన్నది లెక్క. చెరువును నమ్ముకుని బతికే మత్స్య సహకార సంఘాల సభ్యులు వాటిని కాపాడి, కొన్ని నెలల తరువాత వల వేస్తారు. జూన్ మొదటి పక్షంలో మృగశిర కార్తె ప్రవేశించిన రోజున నగరంలోని రాంనగర్, బేగంబజార్ చేపల మార్కెట్లలో ఇసుక వేస్తే రాలని జనం. ఆ ఒక్క రోజు అమ్మకం మీద ఎన్నో ఇళ్ళ అప్పులు తీరతాయి.

గుట్ట దిగిన నీటి వెంట

మేము మొదట చేరుకున్నది పంజాగుట్టకు కూతవేటు దూరంలో, బంజారాహిల్స్ ఒకటో నంబరు రోడ్డులోని జలగం వెంగళరావు ఉద్యానవనం. చెట్ల నడుమ చిన్న చెరువు. ఉదయపు నడకకు వచ్చిన వృద్ధులు, నిఖాబ్ ధరించిన తల్లులు, చేతిలో మరమరాల పొట్లంతో పిల్లలు. అక్కడ గాలాలు వేసేవారు మాకు కనిపించలేదు. చేపలు నోరు తెరిచి పైకి వచ్చినప్పుడల్లా పిల్లల కేరింతలు మాత్రం వినిపించాయి. చేపను ప్రేమించడానికి దాన్ని పట్టనవసరం లేదని ఆ పిల్లల మొహాలు చెబుతున్నాయి.

అక్కడికి దగ్గరలోనే బంజారా చెరువు. దాని పాత పేరు హమీద్ ఖాన్ కుంట. చుట్టూ భవనాలు లేచి, మురుగు చేరి, చెరువు కాస్తా కుంచించుకుపోయింది. ఈ దిక్కు నుంచి బయలుదేరే బంజారా నాలా చివరికి హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది. కూకట్‌పల్లి, పికెట్, బల్కాపూర్ నాలాలు కూడా అందులోకే వస్తాయి. అంటే అమీర్‌పేట, పంజాగుట్టల ఇళ్ళలో సింకులో పారబోసిన నూనె, కాలువలో పడేసిన ప్లాస్టిక్ సంచి చేరే చిరునామా హుస్సేన్ సాగరే.

పంజాగుట్ట మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ ఖైరతాబాద్. అక్కడి నుంచి నెక్లెస్ రోడ్డు దగ్గరే. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో, 1562లో, హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో నిర్మించిన ఈ సాగరం ఒకప్పుడు నగరానికి తాగునీరు ఇచ్చింది. అప్పటికి చార్మినార్ లేదు, హైదరాబాద్ అన్న పేరూ లేదు. నగరం కంటే ముందు చెరువు పుట్టింది. ఒక వలీ పేరు మోస్తున్న ఆ నీటి దగ్గరికి వెళ్ళి గట్టున నిలిచినప్పుడు ముక్కు మూసుకోవలసి రావడం మన తరానికి గర్వకారణం కాదు.

అయినా గట్టున గాలాలు ఉన్నాయి. ఖరీదైన రీళ్ళు కావు. ప్లాస్టిక్ సీసాకు చుట్టిన దారం, చిన్న కొక్కెం, ఎరగా పిండిముద్ద. సాయంత్రపు కూలి డబ్బులు మిగుల్చుకుని ఆ పూట కూర వండుకోవాలన్న ఆశతో కూర్చున్నవారే వారిలో ఎక్కువ. వారికి ఎక్కువగా దొరికేది తిలాపియా. మురికి నీటిని తట్టుకుని, చెరువులోనే పిల్లలను కనే విదేశీ చేప. కట్ల, రోహులు తాళలేని చోట అదే రాజ్యమేలుతుంది.

తేలిన చేప చెప్పే మాట

హుస్సేన్ సాగర్ నీటిలోనూ, అడుగు బురదలోనూ సీసం, క్రోమియం వంటి భార లోహాలు ఉన్నట్టు పరిశోధకులు పలుమార్లు గుర్తించారు. ఈ లోహాలు వండినంత మాత్రాన పోవు. చేప ఒంట్లో చేరి, తిన్నవారి ఒంట్లోకి వస్తాయి. పెరిగే పిల్లలకు, గర్భిణులకు సీసం చేసే హాని ఎక్కువ. కనుక పరిశ్రమల మురుగు చేరే చెరువు చేపను ధర చవక అని కొనవద్దని మా మనవి. హలాల్ అన్న మాట పక్కనే దివ్యఖుర్ఆన్ తయ్యిబ్ అన్న మాటను కూడా ఉంచింది. ఆహారం ధర్మసమ్మతమైతే చాలదు, పరిశుద్ధంగానూ ఉండాలి.

నగర చెరువులలో చేపలు మూకుమ్మడిగా చచ్చి తేలిన వార్తలు మనం తరచూ వింటుంటాము. దీనికి కారణం చాలాసార్లు విషం కాదు, ఊపిరాడకపోవడం. మురుగులోని పోషకాలతో నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు అది ప్రాణవాయువును విడుదల చేస్తుంది. రాత్రి అదే ప్రాణవాయువును తాగేస్తుంది. దాంతో తెల్లవారుజామున నీటిలో ఊపిరి అడుగంటుతుంది. వేసవి చివర తొలి వాన పడి, కాలువల్లో కూరుకుపోయిన మురుగంతా ఒక్కసారిగా చెరువులోకి వచ్చినప్పుడు ఆ కుళ్ళును జీర్ణించుకోవడానికే ఉన్న ప్రాణవాయువు ఖర్చయిపోతుంది. మనం ఫజ్ర్ నమాజుకు లేచే వేళకు చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరుస్తుంటాయి. సూర్యోదయానికి తెల్లని పొట్టలతో తేలుతాయి.

అలా నీటిలో తమంతట తాము చచ్చి తేలిన చేపలను తినరాదన్నది హనఫీ ఫిఖ్హ్ అభిప్రాయం. సముద్ర మృతజీవి ధర్మసమ్మతమేనన్న హదీసును ఆధారం చేసుకుని ఇతర ఇమాములు అనుమతించారు. ఫిఖ్హ్ భేదం ఎలా ఉన్నా, మురుగు నీటిలో చచ్చిన చేప ఆరోగ్యానికి చేటన్న విషయంలో భేదం లేదు. అటువంటి రోజుల్లో కొందరు తేలిన చేపలను ఏరి మంచు మీద పెట్టి అమ్మజూపుతారు. తాజా చేప కళ్ళు ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉంటాయి. మొప్పలు ఎర్రగా ఉంటాయి. వేలితో నొక్కిన కండ వెంటనే పైకి లేస్తుంది. కళ్ళు లోపలికి పోయి, మొప్పలు గోధుమ రంగుకు తిరిగి, నొక్కిన చోట గుంట నిలిచిపోతే ఆ చేపను వదిలేయడమే మేలు.

చేప ఎవరిది?

ఇప్పుడు మూడో ప్రశ్న. డాలస్ చెరువులో చేపను లైసెన్సు రుసుము చెల్లించినవారి డబ్బుతో వదిలారు. మన చెరువులో చేపను ప్రజల డబ్బుతో వదిలారు, సహకార సంఘం సభ్యులు కాపలా కాశారు. ముదిరాజ్, గంగపుత్ర కులాల వారికి తరతరాలుగా చెరువే పొలం. రాత్రివేళ గట్టు మీద పడుకుని దొంగ వలలను అడ్డుకునేది వారే. నీరు, మేత, నిప్పు – ఈ మూడింటిలో ప్రజలంతా భాగస్వాములేనని దైవప్రవక్త (సఅసం) బోధించారు. కనుక నీరు అందరిదీ. కానీ ఒకరి శ్రమతో పెరిగిన చేపను వారికి చెప్పకుండా పట్టుకుపోవడం దాసుల హక్కుకు సంబంధించిన విషయం. నమాజు, రోజాలతో తీరిపోని లెక్క అది. సరదాగా రెండు చేపలే కదా అనిపించవచ్చు. సెలవు రోజున వంద కుటుంబాలు రెండేసి చేపలు పడితే ఒక బెస్తవాని నెల సంపాదన పోతుంది.

దీనికి పరిష్కారం కష్టమేమీ కాదు. గ్రామాల చెరువు వద్ద సంఘం పెద్దను కలిసి, అనుమతి అడిగి, అడిగిన రుసుము ఇస్తే సరిపోతుంది. నగర శివార్లలో రుసుము తీసుకుని గాలం వేయనిచ్చే ప్రైవేటు కుంటలూ ఉన్నాయి. గాలం వేయకపోయినా, వల లాగే ఉదయాన గట్టుకు వెళ్ళి వారి దగ్గరే చేప కొంటే పిల్లలకు చూసిన ఆనందం, వారికి దళారీ లేని ధర రెండూ దక్కుతాయి.

అనుమతి దొరికాక కూడా కొన్ని హద్దులు మిగిలే ఉంటాయి. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించింది. వానాకాలంలో చెరువు మత్తడి దూకేటప్పుడు చేపలు ప్రవాహానికి ఎదురెక్కుతాయి. కడుపు నిండా గుడ్లతో ఎగబాకే ఆ చేపలను బుట్టలతో, దోమతెరలతో దోచుకోవడం మన పల్లెల్లో వేడుకగా సాగుతుంటుంది. ఒక తల్లిచేపతో పాటు లక్షల గుడ్లు పోతాయి.

ఈ దృశ్యం చూసినప్పుడల్లా 'అల్ ఆరాఫ్' సూరాలోని సముద్రతీర పట్టణ వాసులు గుర్తుకు వస్తారు. శనివారం వేట వారికి నిషిద్ధం. ఆ రోజునే చేపలు గుంపులుగా పైకి వచ్చేవి, మిగతా రోజుల్లో వచ్చేవి కావు. అది వారికి పరీక్ష. శనివారం చేపలు చిక్కేలా ముందే ఏర్పాట్లు చేసి, ఆదివారం వాటిని తీసుకునేవారని వ్యాఖ్యాతలు వివరించారు. అక్షరం నిలిచింది, ఆజ్ఞ కూలింది. చేతికి అందేటంత దగ్గరకు వచ్చినదాన్ని కూడా వద్దనుకోగలగడమే ఆ పరీక్షలో నెగ్గడం. గుడ్ల కాలంలో వల మడిచిపెట్టే మత్స్యకారుడు, 5 చేపలు దొరకగానే గాలం చుట్టేసే డాలస్ బాలుడు – ఇద్దరూ తమకు తెలియకుండానే ఆ పాఠం చదువుతున్నారు.

మన రాష్ట్ర చేప కొరమీను విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. తెలంగాణ పల్లెల్లో కొర్రమట్ట అని పిలిచే ఈ చేప గాలిని కూడా పీల్చగలదు. లోతు తక్కువ నీటిలో గుడ్లు పెట్టి, పిల్లలు గుంపుగా ఈదే దశలో తల్లిదండ్రులు రెండూ వాటి చుట్టూ కాపలా తిరుగుతాయి. ఎర్రని రవ్వల్లాంటి పిల్లల గుంపు ఉన్నచోట గాలం వేస్తే పెద్ద చేప తప్పక పడుతుందని పట్టేవారికి తెలుసు. అది ఆకలితో గాలాన్ని కరవదు, పిల్లలను కాపాడుకోవడానికి కరుస్తుంది. ఒక ప్రయాణంలో పక్షి పిల్లలను కొందరు తీసుకురాగా, తల్లిపక్షి తల్లడిల్లడం చూసి పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమన్న కారుణ్యమూర్తి అనుయాయులం మనం. కాపలా ఉన్న తల్లి మీద గాలం విసరడం మనకు తగదు.

చేపను పట్టి, ఛాయాచిత్రం తీసుకుని, మళ్ళీ నీటిలో వదిలే వినోదం గురించి కూడా ఆలోచించవలసి ఉంది. ప్రాణమున్న దేనినీ బాణాలకు గురిగా పెట్టుకోరాదని దైవప్రవక్త (సఅసం) వారించారు. ఆహారం కోసం పట్టడం వేరు. కొక్కెం గుచ్చి ఆడించడం కోసమే పట్టడం వేరు. చిన్న చేపో, గుడ్లతో ఉన్న చేపో పొరపాటున చిక్కితే చేయి తడుపుకుని పట్టుకుని, వీలైతే నీటిలోనే కొక్కెం తీసి, వెంటనే వదలాలి. పొడి చేయి తగిలితే దాని ఒంటి మీది జిగురు పొర ఊడి, రోగాలకు దారి తెరుచుకుంటుంది. ఉంచుకోదలచిన చేపను గట్టు మీద గిలగిల కొట్టుకోనివ్వకుండా త్వరగా అంతం చేయాలి. ప్రతి పనిలోనూ ఉత్తమ రీతిని పాటించాలన్న బోధన గాలం పట్టిన చేతికి కూడా వర్తిస్తుంది.

కుటుంబంతో వెళ్ళదలచినవారికి

ఒక సెలవు రోజును చేపల వెంట గడపదలచిన కుటుంబం పంజాగుట్టలో మెట్రో ఎక్కి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వద్ద దిగి, ఆటోలో చార్మినార్ చేరుకోవచ్చు. గుల్జార్ హౌజ్ చుట్టూ 1592లో నిర్మించిన నాలుగు కమాన్లలో ఒకటి మఛ్లీ కమాన్. శుభానికీ, సమృద్ధికీ గుర్తుగా చేప బొమ్మను వేలాడదీయడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. నగరానికి పునాది వేస్తూ ముహమ్మద్ కులీ కుతుబ్ షా చేసిన దుఆలోనూ చేపల ఉపమానం ఉందని హైదరాబాదీలు చెప్పుకుంటారు. చేప సమృద్ధికి గుర్తు కావాలంటే నీరు బతికి ఉండాలని ఆనాటివారికి ఒకరు చెప్పనవసరం లేకపోయింది.

అక్కడి నుంచి జంతు ప్రదర్శనశాలను ఆనుకుని ఉన్న మీర్ ఆలం చెరువుకు వెళ్ళవచ్చు. నిజాం దివాను మీర్ ఆలం పేరు మీద వెలసిన ఈ చెరువు కట్ట 21 అర్ధచంద్రాకారపు కమాన్లతో నీటి ఒత్తిడిని భుజాల మీద మోస్తున్నట్టు నిలిచి ఉంటుంది. ఇంకా సమయముంటే గండిపేట. 1908 నాటి మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాత, మరోసారి ఆ విపత్తు రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ వెలిశాయి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. అవి వరదను ఆపడమే కాదు, నగరం దాహాన్నీ తీర్చాయి.

వెళ్ళేవారు మరచిపోరానివి కొన్ని. పిల్లలను గట్టు అంచున ఒంటరిగా వదలవద్దు. చెరువు అడుగు ఎక్కడ లోతుగా ఉంటుందో పైకి తెలియదు. తెగిన గాలపు దారాన్ని నీటిలో వదిలితే అది కొంగల, బాతుల కాళ్ళకు చుట్టుకుని వాటిని చంపుతుంది. చుట్టి ఇంటికి తేవాలి. ఇంట్లోని అక్వేరియం చేపను జాలిపడి చెరువులో వదలవద్దు. దెయ్యం చేప అని పిలిచే సకర్ చేప అలా వచ్చినదే. ముళ్ళ ఒంటితో మత్స్యకారుల వలలను చింపుతూ, మన చేపల తిండిని కాజేస్తోంది. దారిలో హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అయినప్పుడు, నీటిలోకి హాని చేరనివ్వకపోవడం అంతకు తక్కువది కాదు.

ఆక్రమణల నుంచి చెరువులను కాపాడడానికి 2024లో హైడ్రా సంస్థ ఏర్పడింది. ప్రభుత్వం గోడలు కూల్చగలదు, కంచెలు వేయగలదు. కానీ నాలాలోకి ఏది పారుతుందన్నది మన వంటగదిలో నిర్ణయమవుతుంది. పండుగ నాటి కొవ్వు, వాడిన నూనె, ఖుర్బానీ వ్యర్థాలు కాలువ పాలు కాకుండా చూడడం ప్రతి గృహిణి, ప్రతి గృహస్థు చేయగలిగిన పని. మస్జిదు కమిటీలు బక్రీదుకు ముందు జుమా రోజున ఈ ఒక్క విషయాన్ని ప్రకటిస్తే చాలు, దిగువనున్న చెరువుకు ఎంతో ఊరట.

డాలస్‌లో మనవడు పట్టిన ట్రౌట్ ఆ చెరువులో ఒక్క చలికాలపు అతిథి. ఎండ రాగానే దాని కథ ముగుస్తుంది. మన కట్ల, రోహు, కొర్రమట్టలు ఈ ఎండను తట్టుకుని, ఈ నీటినే నమ్ముకుని ఉన్నవి. వాటికి మంచు అక్కరలేదు, ఖరీదైన లారీలు అక్కరలేదు. ఊపిరి పీల్చుకోగల నీరు ఉంటే చాలు. ఆ మనవడు సెలవులకు వచ్చినప్పుడు తాతయ్య వాడిని గట్టుకు తీసుకువెళ్ళి, మత్స్యకారుడి దగ్గర బతికున్న చేప కొని, ఇది మన చెరువుదే అని ధైర్యంగా వండించి పెట్టగలగాలి. అంతవరకూ మన ఇంటి కాలువను మనం కాపలా కాద్దాం. ఇన్షాఅల్లాహ్, చెరువు తన మాట నిలబెట్టుకుంటుంది.